ఫ్యూజు పీకిన పగలు

మిషన్ బడి హాల్ల మూడు ఫ్యాన్లు పాడైనయని
కెజియా టీచర్ ఫోన్ చేస్తే పోయిన.
మే నెల. నల్లగొండ గుట్ట కాలి కాలి
రాయి వాసన బజారు దాకా వస్తున్నది.
సెలవులు. బెంచీలు ఒకదాని మీద ఒకటి
కాళ్లు పైకెత్తి పండుకున్నయి.

మూలకు, పాత పరదా కింద, పియానో.
మూత తీస్తే సగం పళ్లు పచ్చబడ్డయి,
మా ఊరోళ్ల పళ్ల లెక్కనే.

నిచ్చెన మీద నేను. నోట్లె రెండు స్క్రూలు.
టీచర్ స్టూలు మీది దుమ్ము కొంగుతోని దులిపి కూసున్నది.
నాకోసం కాదు, ఎవరికోసమూ కాదు,
శాన దినాలైందని వేళ్లే అడిగినట్టున్నయి.

మొదలు ఏం తెల్వలే.
ఎడమ చెయ్యి ఒక్కటే మాట
మెల్లగ, మళ్ల మళ్ల అంటున్నది.
కుడి చెయ్యి ఒప్పుకోదు.
కొంచెం దూరం పోతది, మర్లి చూస్తది,
వస్తదనుకున్న కాడ ఆగుతది.
ఆ ఆగిన కాడ
నా ఛాతిల ఏదో జారితే
నిచ్చెన మెట్టు గట్టిగ పట్టుకున్న.

దేవరకొండ బస్టాండు.
ఇరవై నాలుగేండ్ల కిందటి పొద్దుగూకంగ.
కిటికీ పక్క సీట్ల సఫియా,
గోనెసంచిల చుట్టిన కుట్టుమిషన్ తల ఒళ్లె పెట్టుకొని.
నేను కింద, చేతులల్ల రెండు సోడాలు.
చెప్పాల్సింది ఒక్క ముక్క.
కండక్టర్ రైట్ రైట్ అన్నడు.
రెండు సోడాలు నేనే తాగిన.

దానికి ఎన్నడు ఏడ్వలే.
ఏడ్చేటంత పెద్ద సంగతని ఎవరు చెప్పలే.
పెండ్లయింది, పిల్లలైన్రు,
ఎన్ని ఇండ్లకు వైరింగు గుంజిననో లెక్క లేదు,
ఏ గోడల ఏ తీగ పోతున్నదో చెయ్యి పెట్టి చెప్తా.
నా గోడల ఇంకా కరెంటున్న తీగ ఒకటుందని
ఆ చెక్కపెట్టెకు ఎట్ల తెలిసింది?

అప్పటికి ఒక్క ఫ్యాను బాగైంది. తిరుగుతున్నది.
టిక్కు. టిక్కు. టిక్కు.
కుడి చెయ్యి ఆగిన ప్రతి కాడ
ఆ టిక్కు వచ్చి మీద వడుతున్నది.
దిగిపోయి మెయిన్ కాడ ఫ్యూజు పీకిన.
నలభై ఐదు డిగ్రీల ఎండల
ఫ్యాన్లు బాగు చేసెతందుకు వచ్చినోడు
ఫ్యాను బందువెట్టి నిలబడ్డడు.
టీచర్ తల తిప్పి చూసింది, ఏమనలే.
మెడ మీద చెమట కారుతనే ఉన్నది,
చెప్పు విడిచి పెడల్ తొక్కింది.

తలుపు కాడికి వంటామె సాలమ్మ వచ్చింది.
మర్రిగూడ దిక్కు మనిషి. మోకాళ్లు వంగవు,
కింద కూసోరాదు, గోడకు ఒరిగింది.
చేతిల బియ్యం చాట. ఏరుడు మర్చిపోయింది.
ఆఖరికి వేళ్లు పైనుంచి కిందికి
ఒక్క ఉరుకు ఉరికి అంతా కుమ్మరించినంక
ఎవరితోనో అన్నట్టు అన్నది:
"మా ఊరికి కిష్ట నీళ్లొచ్చిన పొద్దు
బిందెల ఇట్లనే వడ్డయి బిడ్డా.
అందరు తాగిన్రు.
నేను మొదలు తాగలే. విన్న."

టీచర్ మూత వేసింది.
ఏం పాట మేడం ఇది, అన్న.
"పాట కాదయ్యా, దీనికి మాటల్లేవు.
చలిదేశపు మనిషెవరో రాసుకున్నడు.
ఎవరికోసమో నాకు నేర్పినామె చెప్పలేదు,
నేనూ అడగలేదు."
అని, నా మొఖం చూసి,
చూడనట్టు పరదా సర్దింది.

ఫ్యూజు పెట్టి మిగిలిన రెండూ బాగు చేసిన.
మూడు తిరిగినయి. గాలి వచ్చింది.
వచ్చిన గాలి ఎందుకో నచ్చలే.

బెంచీ మీద బిల్లు రాసిన.
కెపాసిటర్లు మూడు, రెండు వందల నలభై.
బేరింగు ఒకటి, నూట ఇరవై.
కూలి అని రాసి
శానసేపు పెన్ను కొరుక్కుంట కూసున్న.

సాలమ్మ చెంబుతోని నీళ్లు తెచ్చిచ్చింది.
దూప బాగనే ఉన్నది.
అయినా చెంబు వంచి
కొన్ని నీళ్లు కొంచెం ఎత్తుకెల్లి
దోసిట్లకు ఇడిచిన,
ముందుగాల సప్పుడు వినెతందుకు.