పెంకులు లేని ఇల్లు

నలభై రెండేళ్లు ఈ ఊరి నెత్తి మీదే బతికాను.
గ్రాజ్ వీధులు నాకు పైనుంచే తెలుసు,
ఏ కప్పు ఎటు వాలిందో
ఏ దూలం ఏ చలికాలంలో మూలిగిందో.
ఎర్రమట్టి పెంకును వేలి కణుపుతో కొడితే
మంచిదైతే కంగుమంటుంది,
బీటపడ్డదైతే బొంగురుపోతుంది.
నాకు వచ్చిన సంగీతం అంతే.

అలాంటివాణ్ణి.
మూర్ నది అవతలి ఒడ్డున, లెండ్ పేటలో
అది లేస్తున్నప్పుడు
వద్దని సంతకం పెట్టినవాళ్లలో నాది మూడో పేరు.
ఆ తర్వాత ఇరవయ్యేళ్లు
వంతెన దాటినప్పుడల్లా తల తిప్పుకున్నాను.

ఇవాళ అక్క అడిగింది,
"అదెలా ఉంటుందిరా కోలొమాన్?"

ఒటీలీ అక్క.
కళ్లను కాచే పునీతురాలి పేరే ఏరి పెట్టింది అమ్మ.
పేరు మిగిలింది.
కళ్లు యాభయ్యో ఏట పోయాయి,
అక్కడ పునాది తవ్వకముందే.
ఆమె లోపలి ఊళ్లో ఇప్పటికీ
అన్ని కప్పులూ ఎరుపే.

ట్రామ్ దిగి నా మోచెయ్యి పట్టుకుని "ఊఁ, చెప్పు" అంది.

"నీలంగా ఉంది. వంకాయలా."
"ఏ వంకాయ? పొడుగుదా?"
"గుండ్రటిదే. మీద ఎవరో కూర్చుని లేచినట్టు."
"వంకాయ మీద ఎవరు కూర్చుంటారు!"
"పోనీ, కసాయి హుబ్‌మన్ కొట్లో
కొక్కేనికి వేలాడే కార్జం."
"ఛీ."
"వీపు మీద గొట్టాలు. ఆవు పొదుగు తలకిందులైతే ఎలా ఉంటుందో, అలా."
అక్క నడిరోడ్డు మీద నవ్వింది.
సైకిలు మీది కుర్రాడొకడు ఆగి మరీ చూశాడు.
ఒళ్లు దగ్గరపెట్టుకుని తిట్టబోయినవాణ్ణి
ఎక్కడ, ఏ మాట దగ్గర
ఒళ్లు దగ్గరపెట్టుకుని చెప్పడం మొదలెట్టానో నాకే తెలియదు.

దాని పొట్ట చేతికి అందదు.
పక్కనున్న పాత ఇనుప మేడ అందుతుంది,
పోతపోసిన స్తంభాన్ని అక్క కింది నుంచి పైకి తడిమింది.
"ఇది తెలుసు. నీ పెళ్లికి చేతితొడుగులు ఇక్కడే కొన్నా."
కొత్తది ఆ పాతదానికి ఆనుకునే ఉంది,
తల్లిని వదలని దూడలా.
ఈ మాట మాత్రం పైకి అనలేదు.

లోపల ఒక కదిలే వాలుదారి,
అడుగు తీయకుండానే పైకి పోతాం.
"మింగేస్తోందిరా" అంది అక్క
భయం ఏమీ లేకుండా.

పైన గొట్టాలన్నీ ఉత్తరానికి, వెలుతురు కోసం.
ఒక్కటి మాత్రం మెడ తిప్పుకుని
కొండ మీది గడియారం బురుజును చూస్తోంది.
నిచ్చెన మీద మెట్టు తప్పినట్టయింది నాకు.
ఆ కొండ కింది కప్పుల్లో సగం నేను వేసినవే.
నేను తల తిప్పుకున్న ఇరవయ్యేళ్లూ
ఇది తల తిప్పి చూస్తూనే ఉందన్నమాట.

"టైమెంత?" అంది అక్క.
మా గడియారంలో పెద్ద ముల్లు గంటలు, చిన్న ముల్లు నిమిషాలు.
పరాయివాళ్లు తప్పు చదివితే నవ్వుతాం.
డెబ్బై రెండేళ్లుగా చూస్తున్నవాణ్ణి,
తప్పు చదివాను.

బయటికొచ్చి పొట్ట కింద నిలబడ్డాం.
అక్క ఉన్నట్టుండి నా చెయ్యి నొక్కింది.
"ఆగిపోయింది."
"ఏది?"
"ఇంతసేపూ సన్నగా మోగింది కదరా, నీకు వినపడలేదూ?"

తలుపు దగ్గరి అమ్మాయి, ఆజ్రా అని చీటీ మీద పేరు,
గంటగంటకీ అంతేనంది.
చాలామందికి ఆగినప్పుడే వినిపిస్తుందట.
నాకు అప్పుడూ వినపడలేదు.
ఊరి పెంకులన్నీ మోగించి చూసిన చెవులివి.

అక్క తల కొంచెం పక్కకు వంచి,
నేను సంతలో పెంకు ఏరేటప్పుడు వంచినట్టే వంచి,
"బీట లేదురా" అంది.

సంతకం సంగతి చెప్పబోయి ఊరుకున్నాను.
నదివైపు చర్మం కింద
దీపాలు ఒకటొకటిగా వెలుగుతున్నాయి.
ట్రామ్ ఇంకా రాలేదు.
"మళ్లీ చెప్పు," అంది, "వంకాయ దగ్గర్నుంచి."

ఈసారి కార్జం వదిలేశాను.