పదమూడు గంటల నలభై నిమిషాలు

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బ్యూనస్ ఐరెస్‌కి
పదకొండు వేల అయిదువందల కిలోమీటర్లట.
ముందు సీటు వెనక తెర మీద ఉంది.
ముప్పై ఎనిమిదేళ్ళు కాసెల్ స్టేషన్లో
రైళ్ళ వేళలు రాసినదాన్ని,
అంకె కనిపిస్తే నిలబెట్టి అడగటం అలవాటు:
ఎక్కడి నుంచి? రన్‌వే చివరి నుంచా,
సూది దిగిన చోటి నుంచా?

పెట్టె నా కాళ్ళ మధ్య ఉంది.
నీలం రంగుది, చేపలవాళ్ళ డబ్బా అంత.
లోపల ఒక సంచి,
సంచిలో ఎవరి ఎముకల్లోంచో తోడిన ఎరుపు.
నాలుగు డిగ్రీల దగ్గర ఉండాలి,
వేడెక్కితే మూడుసార్లు కూస్తుంది.
మొత్తం డెబ్బై రెండు గంటల ఆయుష్షు.
పన్నెండు అప్పుడే
ట్రాఫిక్‌కీ సంతకాలకీ ఖర్చయిపోయాయి.

ఎక్స్‌రేలో పెట్టనివ్వకు.
పై అరలో పెట్టకు. వైన్ ముట్టకు.
బాత్రూమ్‌కి వెళ్ళినా వెంట తీసుకెళ్ళు.
ఎవరిదని అడగకు, ఎవరికని అడగకు.

అడగలేదు.
కాగితం మీద రెండు ముక్కలు మాత్రం కళ్ళబడ్డాయి:
పురుషుడు, ఇరవై ఆరు.
స్త్రీ, యాభై మూడు.
అతను ఈపాటికి నడుం పట్టుకుని సోఫాలో ఒరిగి
ఫుట్‌బాల్ చూస్తూ రిఫరీని తిడుతుంటాడు.
ఆమె ఒంట్లో ఉన్నదంతా మందులతో తుడిపించుకుని
అద్దాల గదిలో పడుకుని ఉంటుంది.
ఎదురుచూడటానికైనా ఒంట్లో కాస్త ఓపిక కావాలి కదా.

పక్క సీటాయన ఎవారిస్తో,
పటగోనియాలో గొర్రెల బొచ్చు వ్యాపారం.
"అందులో ఏముంది?"
"మందులు."
అంతకు మించి అడగలేదు. తనే చెప్పాడు:
మా వైపు దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టం,
దారిలో మాతే తాగడానికి ఎన్ని ఫ్లాస్కుల వేణ్ణీళ్ళు పడతాయో చెప్పుకుంటాం.
మా అన్న ఇంటికి రెండు. సముద్రానికి మూడున్నర.
"మరి ఇది?"
ఎయిర్‌హోస్టెస్ వెళ్ళినవైపు చూసి నిట్టూర్చాడు.
"వీళ్ళు ఫ్లాస్కు నింపరు. ఇది దూరం కాదు, శిక్ష."

కానరీ దీవులు దాటాక అందరూ నిద్రపోయారు.
గడియారాన్ని అయిదు గంటలు వెనక్కి తిప్పాను.
పెట్టెకి ఆ సంగతి తెలియదు,
దాని గంటలు వెనక్కి తిరగవు.

భూమధ్యరేఖ దగ్గర విమానం గట్టిగా ఊగింది.
పెట్టెను ఒళ్ళోకి తీసుకుని
రెండు చేతులా పట్టుకున్నాను.
పిల్లల్ని ఎత్తుకున్నట్టు అనను,
నాకు పిల్లలు లేరు.
తొలి ఉద్యోగంలో పాత గోడగడియారాన్ని
మంచులో మరమ్మతుకి మోసుకెళ్ళినట్టు.
అప్పుడూ అంతే,
అది ఆగిపోతే తప్పు నాదే అనిపించింది.

నాలుగు.
నాలుగు పాయింట్ రెండు.
నాలుగు.
కూయలేదు.
చీకట్లో దాని కూత కోసమే చెవి ఒగ్గి కూర్చున్నప్పుడు
ఆ ఇద్దరూ నాకు
కూతవేటు దూరంలోనే ఉన్నారు.

ఉదయం ఎనిమిది ఇరవై అయిదుకి
నర్సు సంచిని బయటికి తీసి
అంకెలన్నీ బిగ్గరగా చదివి, నాతో చదివించి
సంతకం చేసింది.
తలుపు మూసుకుంది. నిశ్శబ్దంగా, రబ్బరు అంచులతో.
నాకు ఎవరో ఒక కప్పు కాఫీ ఇచ్చారు.
బాగాలేదు. మొత్తం తాగాను.

మర్నాడు ఎయిర్‌పోర్టులో
పెట్టెను ఎక్స్‌రేలోకి నేనే తోశాను.
కుర్రాడు తెరవైపు చూసి చెయ్యి ఊపాడు, ఏమీ లేదని.

వెనకనుంచి గాలి ఉందట,
తిరుగు ప్రయాణం పదమూడు గంటలే.
మిగిలిన నలభై నిమిషాలు
ఎవరి పేరున రాయాలో
ఏ పట్టికలోనూ గడి లేదు.