గ్యాబీ కిందికి

కొలతల గొలుసు భుజాన వేసుకుని
కార్పొరల్ టెనెంట్ ఆ లోయలోకి దిగేసరికి
వాన మొదలై నాలుగో రోజు.
సంచిలో మైనపు గుడ్డ చుట్టిన పుస్తకం.
పేజీకి నాలుగు గళ్ళు:
పేరు, దాని రాత, చెప్పినవాళ్ళు,
అదేమిటో రెండు ముక్కల్లో.
ఏ పేరుకైనా ముగ్గురు సాక్షులుండాలి.
ఆ దేశంలో హత్యకు ఇద్దరు చాలు.

పాదిరిగారు చలిమంట దగ్గర కూచోబెట్టి
‘మిల్ ఆఫ్ టిలీబ్రెక్స్’ అన్నారు.
జమీందారు గుమాస్తా చేతితొడుగు విప్పకుండానే
‘మిల్టన్ అని రాసుకో,
కౌళ్ళ చిట్టాలో అలాగే ఉంది’ అన్నాడు.
బడిపంతులు పాతభాష తవ్వాడు:
టిలీ అంటే గుట్ట, బ్రెక్ అంటే మచ్చలది,
మచ్చల గుట్ట కింద మర.
మచ్చలేవీ అంటే
మంచు కరిగేటప్పుడు రమ్మన్నాడు.

మరలో ఎప్పీ లీపర్ ఒక్కతే.
మొగుడు పోయి రెండేళ్ళు.
కనుబొమల మీద ఓట్స్ పిండి.
రాళ్ళు తిరుగుతుంటే ఇల్లంతా సన్నగా వణుకుతోంది,
గింజల తొట్టి కింద చెక్కనాలుక
టకటక టకటక టకటక.
దీన్నేమంటారమ్మా, అని అతను అరిచాడు.
గ్యాబీ, అని ఆమె అరిచింది.
అంటే?
వాగుడుకాయ. విను, నీకే తెలుస్తుంది.
ఎలా రాయాలి?
రాసేదెవరు నాయనా, దీన్ని పిలుస్తారు గానీ.

ఇంకా చాలా చెప్పింది,
వాటికి అతని పుస్తకంలో గళ్ళు లేవు.
తాతల కాలంలో ఈ మరలో తప్ప
ఎక్కడ గింజ విసిరినా జరిమానా అట.
ఇంటింటికీ వచ్చి తిరగళ్ళు పగలగొట్టేవారట.
నానమ్మ తన తిరగలిని ఉయ్యాల్లో పడుకోబెట్టి
దుప్పటి కప్పి జోల పాడిందట,
వచ్చినవాడు టోపీ తీసి, మెల్లగా తలుపేసి పోయాడట.
మరకి కొత్త రాయి కావాలంటే రైతులే
నడుమ బెజ్జంలో దూలం దూర్చి
కొండ మీంచి దొర్లించుకు రావాలి, కూలి లేదు.
ఒకసారి రాయి పట్టుతప్పి వాగులో పడింది,
దాని కింద సాండీ క్రూక్‌షాంక్ కాలు.
ఆ మడుగుని సాండీ కాలు అంటాం, రాసుకో.
అతను రాసుకోలేదు.
పటం మీద ఆ మడుగు
సూదిమొనంత కూడా రాదు.

గ్యాబీ మాత్రం రాశాడు, అంచున, పెన్సిల్‌తో.
పట్నం ఆఫీసులో ఎవరో దాన్ని
రబ్బరుతో తుడిచి, పొట్టు ఊదేశారు.

ఇప్పుడక్కడ చక్రం లేదు.
కాలువ పూడి, దాని ఒంపు నిండా తుంగ.
ఎడిన్‌బరో నుంచి వచ్చిన దంపతులు
మరరాయిని పెరట్లో బల్లగా వేసుకుని
దాని మీద కాఫీ చల్లార్చుకుంటారు.
ఉత్తరాలు పంచే కిర్స్టీ మెల్డ్రమ్ దారిలో
మిల్‌హిల్, మిల్ క్రాఫ్ట్, మిల్ బ్రే, మిల్టన్,
మొత్తం పదకొండు గుమ్మాలు.
పిండి పట్టేది ఒక్కటీ లేదు.
మర పోయింది, మరపు రాలేదు.

మొన్న జనవరిలో, మూడున్నరకే చీకటి పడ్డాక,
గొర్రెల డాడ్ మచ్ ఆమె బండికి అడ్డం నిలబడి
మూడు ఆడగొర్రెలు కనపడ్డాయా అనడిగాడు.
ఎటు పోయాయి?
ఎటేమిటి, గ్యాబీ కిందికే.
ఆమె ఫోన్‌లో వెతికింది. లేదు.
ఆరేళ్ళ ఉత్తరాల్లో వెతుక్కుంది. ఏ కవరు మీదా లేదు.
అదెక్కడ డాడ్?
అతను ఆమెని వింతగా చూశాడు,
చెవి లేనిదాన్ని చూసినట్టు.
ఇంజిన్ ఆపు, అన్నాడు.

ఆపింది.
తుంగకి అవతల, కూలిన గోడ రాళ్ళ సందున
వాగు వాగుతూనే ఉంది.

కాసేపటికి ఆ చీకట్లోంచే
ఒక గొర్రె దగ్గింది.
అదిగో, అన్నాడు డాడ్,
టార్చి వెయ్యి.