పదకొండు నిమిషాలు

లిఫ్టులు తనిఖీ చేయడం నా ఉద్యోగం.
ఇరవై రెండేళ్లుగా డులూత్ నగరంలో
ఉక్కుతాళ్ల అరుగుదల వేలితో తడిమి చూసి
అప్పుడే సంతకం పెడతాను.
తళతళలాడే తలుపుని ఎన్నడూ నమ్మలేదు.
అందుకే నాన్నకి కేర్ హోమ్ వెతికే పని
అన్న నా నెత్తిన పెట్టాడు.
"నీకు అలవాటేగా, వెర్నా" అన్నాడు ఫోన్లో.

మొదటి చోట గుమ్మంలోనే పియానో,
దాని మీద ప్లాస్టిక్ లిల్లీలు.
మేనేజరు బ్రోషర్ తెరిచి
ఐదు నక్షత్రాలూ గోటితో చూపించింది.
నేను మెట్లవైపు తలుపు చూశాను,
మంటలొస్తే పారిపోవాల్సిన తలుపు.
దానికి అడ్డంగా మడత కుర్చీల దొంతర.

రెండో చోటికి చెప్పకుండా వెళ్లాను
ఆదివారం, రాత్రి భోజనాల వేళ.
ఒకాయన చొక్కా మీద నిన్నటి సూప్.
నిన్నటిదని ఎలా తెలుసంటే
ఇవాళ్టి సూప్ రంగు వేరు.

రెండు చోట్లా ఒకటే అడిగాను:
మా నాన్నని నిద్ర ఎలా లేపుతారు?

ఆయన పేరు ఆర్విడ్.
వియత్నాం నదుల్లో పడవల ఇంజన్లు బాగుచేశాడు.
కుడిచెవి అక్కడే వదిలేసి వచ్చాడు.
ఇప్పటికీ తలుపుకి వీపు పెట్టి కూర్చోడు.
ఆయన్ని భుజం తట్టి లేపకూడదు.
నా ఎనిమిదో ఏట నేను తట్టాను.
గోడకి కొట్టుకున్న ఈ మోచేయి
మంచు కురిసే ముందు ఇంకా సలుపుతుంది.
ఆ రోజంతా నాన్న గరాజ్‌లోంచి బయటికి రాలేదు.

"దానికి మాకో పాలసీ ఉంది" అన్నారు మొదటి చోట.
"అందరినీ ఏడింటికి లేపుతాం" అన్నారు రెండో చోట.

మూడోది సుపీరియర్ సరస్సు గాలికి
ఇటుకలు నల్లబడ్డ పాత భవనం.
మూడే నక్షత్రాలు.
కార్పెట్ మీద చక్రాల చారలు.
తనిఖీ నివేదిక ఏదంటే
సొరుగులు వెతకలేదు,
గోడకి దారంతో వేలాడుతోంది:
ఫ్రిజ్ చల్లదనం చాలదు, ఒకరికి మందు ఆలస్యం,
పక్కనే దిద్దుకున్న తేదీలు.

పద్నాలుగో గది గుమ్మం మీద దీపం వెలిగింది.
స్టాప్‌వాచ్ నొక్కాను.
లోపల ఒక ముసలావిడ "నీళ్లు" అంది.
రెండు నిమిషాలు.
"ఎవరమ్మా అక్కడ? కాసిని నీళ్లు."
ఐదు.
గోడకి ఆనుకుని అంకెలు రాసుకుంటున్నాను.
గ్లాసు నాకు కనిపిస్తూనే ఉంది,
ఆవిడ చేతికి జానెడు దూరంలో.
ఎనిమిది.
లిఫ్టు మధ్యలో ఆగిందని ఫోనొస్తే
లోపల మనిషి ఉన్నారా అని
మొట్టమొదట అడిగేది నేనే.

పదకొండో నిమిషంలో పరుగున వచ్చింది సహాయకురాలు.
"ఏమనుకోకు ఓల్గా, అవతల ఒకరు పడిపోయారు."
గ్లాసు ఎడమచేతి వైపు మార్చింది,
ఆవిడకి పనిచేసే చెయ్యి అదే కాబోలు.
స్ట్రా వంచి, తాగేదాకా నిలబడింది.
అప్పుడు నా వాచీ చూసి
"మీరు ఇక్కడే ఉన్నారుగా" అంది.
అంతే. కోపంగా కూడా కాదు.

ఏ మొహం పెట్టుకుని అడగను? అయినా అడిగాను.
హోదన్, అని ఉంది ఆమె బ్యాడ్జీ మీద.
"ముందు నడవాలో దీపం వేస్తాను.
కాళ్లవైపు నిలబడి పేరు పిలుస్తాను.
మా బాబాయి అలాగే లేస్తాడు,
మొగదిషు వదిలి ముప్పయ్యేళ్లు."

కారులో కూర్చుని కాగితం నింపాను.
ఆలస్యం: పదకొండు నిమిషాలు.
కారణం: ఒక మనిషి తక్కువ.
కాసేపు చూసి, "ఒక" కొట్టేసి
"ఇద్దరు" అని దిద్దాను.

గురువారం నాన్నని తీసుకొచ్చాను.
గోడల వైపు, నక్షత్రాల వైపు చూడలేదు.
మంచాన్ని తలుపుకి ఎదురుగా తిప్పించాడు,
అంచు పట్టుకుని ఊపాడు,
"ఈ చక్రం బోల్టు వదులు" అన్నాడు.
కోటు జేబులోంచి స్పానర్ తీసి
మెల్లగా, మోకాళ్లు పట్టుకుంటూ,
కిందకి వంగాడు.