గాలి నడిచే దూరం

మల్కాజిగిరి, జనవరి. చాక్‌పీసు కూడా చల్లగా తగులుతోంది.
బోర్డు మీద ఒక సరస్సు గీశాను,
బోర్డు చాలక గోడ మీదికి కొంచెం పాకింది.
నీళ్లింకా గడ్డకట్టలేదు.
ఎండలు ఇచ్చిపోయిన వెచ్చదనం లోపల్లోపల ఉంది.

ఉత్తరం నుంచి పొడిగాలి వస్తుంది, ఉత్త చేతుల్తో.
దాటుతూ దాటుతూ ఆవిరిని ఒడి నింపుకుంటుంది,
పైకి లేచి మబ్బవుతుంది,
అవతలి ఒడ్డు ఎక్కగానే
మోయలేక కుమ్మరిస్తుంది.
ఒక వీధిలో నడుంలోతు మంచు.
నాలుగు వీధుల అవతల పొడి రోడ్డు, ఎండ.

"నీళ్లు గడ్డకడితే?" అంది ఇష్రత్.
మూత పెట్టినట్టే. గాలి వచ్చినట్టే పోతుంది.

"మా నాయిన ఐసు ఫ్యాక్టరీల తలుపు తీస్తే
మేనెలల గూడ పొగొస్తది సార్, గదేనా?"
బాల్‌నర్సు ఎప్పుడూ నోరు తెరవడు.
గదే, కాకపోతే తలకిందులు, అన్నాను.
పాఠంలో లేని మాట అది.

అక్కడ అంబులెన్సు ఏ దారిన పోవాలో,
బడి తెరవాలో వద్దో,
గాలి నీటి మీద ఎంత దూరం నడిచిందో చూసి చెప్తారు.

"మన చెరువు మీద ఎంత నడుస్తది సార్?"

ఇంటర్వెల్‌లో కట్ట పొడుగునా అడుగులేశారు.
ఏడొందల పన్నెండు.
వాచ్‌మన్ సాయిలు బీడీ ఆర్పి,
"మునుపు ఈ బడి గోడ దాంక నీళ్లే" అన్నాడు.

ఇష్రత్ గోడకు మడమ ఆనించి
మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.
అపార్ట్‌మెంటు గేటు దగ్గర, నూట నలభయ్యో ఎంతో,
గంట కొట్టారు.