కొంగ కాళ్ళు

పదకొండు దాటితే ఎస్టీడీ పావు రేటు.
షట్టరు సగం దించి
బూత్ ఫోను తీగని మోడెంకి తగిలించేవాణ్ణి.
పర్లాకిమిడి అంతటికీ మా బోర్డు ఒక్కటే,
దానికి లైనూ ఒక్కటే.
లోపలున్నవాడు లేస్తే గాని
ఇంకొకడికి చోటు లేదు,
మంగలి కుర్చీ లాగా.

వచ్చినవాడికి గుమ్మంలోనే ఒక బొమ్మ కనపడాలన్నాను.
నిరాకార్ మహారాణా ఏమీ అనకుండా
వాళ్ళ నాన్న గేదెకొమ్ముతో చెక్కిన కొంగని
సంచీలోంచి తీసి బల్ల మీద నిలబెట్టాడు.
బరంపురంలో పెళ్ళికార్డులు వేసే కంప్యూటరు మీద
దాన్ని గీతలుగా మార్చి, ఫ్లాపీలో తెచ్చాడు.
మెడ మొత్తం ఒక్కటే గీత.
నాలుగు చుక్కలు పట్టుకుంటే చాలు,
మిగతాదంతా లెక్కే వంచుకుంటుంది.
"గోడంత చెయ్యి, మహేంద్రగిరంత చెయ్యి,
నునుపు చెదరదు" అన్నాడు.

నాకు కావలసింది కొండ కాదు.
అడ్డం ఎనభై గదులు, నిలువు ఇరవై అయిదు,
పదహారు రంగులు.
గదికొక్క గుర్తు: నిండు దిమ్మ, సగం దిమ్మ,
చీమలు పాకినట్టుండే మూడు రకాల మసక.
అంతకు మించి ఆ తెరకి ఏమీ రాదు.

మొదటి రాత్రి మెడ మెట్లయింది.
రెండో రాత్రి, గది వెడల్పుకి ఎత్తు రెట్టింపని మరిచాను.
తల నిలువుగా సాగి గుడ్డయింది.
"కొంగ తిరిగి గుడ్డులోకి పోయిందిరా" అన్నాడు నిరాకార్.

మూడో రాత్రి బొమ్మ కింద ఊరి పేరు రాయబోయాం.
తాటాకు చిరుగుతుందని
మా తాతలూ వాళ్ళ తాతలూ
అక్షరాలని గుండ్రంగా తిప్పుకున్నారు.
ఇక్కడ ఆకు చిరగదు, గుండ్రమే చిరుగుతుంది.
నా "ర్లా" పగిలిన పెంకుల కుప్ప.
వాడి ఒడియా "ళా" గాలికి తిరగబడ్డ గొడుగు.
మేమిద్దరం ఓడిన చోట
ఇంగ్లీషు పెద్దక్షరాలు బోర విరుచుకుని నిలబడ్డాయి,
పుట్టుకతోనే మూలలున్నవి కదా.
పేరు తీసేశాం.

నాలుగో నాడు వాళ్ళ నాన్న
కోరాపుట్‌కి ఫోను చేసుకోవడానికి వచ్చి
తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు.
"కొమ్ములో వంపు గేదే ఇచ్చేస్తుంది.
నేను పాడు చెయ్యకుండా ఉంటే చాలు.
మీకు అదీ లేదేటి, పాపం" అని
గొంతు కింద ఒక గది మీద గోరు పెట్టాడు.
"దీన్ని ఖాళీగా వదిలెయ్యి."
వదిలేశాను.
అక్కడ నీడ పడింది. మెడ వంగింది.
ఆయన కాలుకి పదమూడు రూపాయలు ఇచ్చి
చిల్లర లెక్క పెట్టుకుని మరీ వెళ్ళాడు.

ఆ రాత్రి ఒంటిగంటకి మోడెం కీచుమంది.
గుణుపురం నుంచి బొమ్మాళి దాలినాయుడు,
కరెంటాఫీసు గుమస్తా.
పద్దెనిమిది సెకన్ల బొమ్మ,
ముక్కు, కన్ను, మెడ,
రెక్క మీద బెల్లం రంగు,
వరుస తరవాత వరుస దిగుతోంది
ఎవరో పైనుంచి చాప విప్పుతున్నట్టు.
పొట్ట దాకా వచ్చింది.
ఎక్కడో వాన. లైను తెగింది.

తెల్లారి మామూలు ఫోనులో దాలినాయుడు:
"బాగుంది గానీ, కొంగకి కాళ్ళేవి?"

నేను వాన సంగతి ఎత్తబోతే
నిరాకార్ రిసీవరు లాక్కున్నాడు.
"నీళ్ళలో ఉన్నాయి."

అవతల కాసేపు గరగర.
"అదీ. నేనూ అదే అనుకున్నాను."

ఆ రాత్రి కాళ్ళు రెండూ చెరిపేసి
నీలం సగం దిమ్మలు రెండు వరుసలు పరిచాను.
బల్ల మీద కొమ్ము కొంగ
తన కాళ్ళ మీద తాను నిలబడి
అంతా చూస్తూనే ఉంది.