అరకేజీ

రాత్రి పదకొండు దాటాక ధనుంజయ్ ఫోను.
రెండొందల గంటలు ఎగిరాడట.
లైసెన్సు పెట్టెలో ఉందట, దాని కిందే
బ్యాంకు అప్పు కాగితాలూ.
"అక్కా, ఇంకేం నేర్చుకుంటే పిలుస్తారు?"

ఏం చెప్పను.
నేనూ పద్నాలుగు నెలలు
గుణుపురంలో లింగరాజు మావ చింతపండు కొట్లో కూచున్నాను.
రెండు చారలుండాల్సిన భుజాల మీద
గోనెల దుమ్ము.
దారినపోయే ప్రతివాళ్లూ "విమానం ఎప్పుడమ్మా?" అనేవారు,
పార్వతీపురం బస్సు ఆలస్యమైనట్టు.

సంతరోజున మావ నన్ను కాటా దగ్గర నిలబెట్టాడు.
"సదువుకున్నదానివి, ముల్లు సూడు."
తెల్లారకుండా కొండ దిగిన సవరలు,
చింతపండు, కొండచీపుర్లు, జీడిపిక్కలు,
ఎవరి మూట పక్కన వాళ్లు, మాటల్లేకుండా.
నాలుగు వారాలకి ముల్లు మీద విసుగు పుట్టి
బస్తా చూసే బరువు చెప్పడం మొదలెట్టాను.
నలభై రెండు, అన్నాను ఒకసారి.
ముల్లు నలభై రెండున్నర దగ్గర ఆగింది.
దగ్గరకొచ్చేశానని నేను నవ్వాను.
మావ నవ్వలేదు.
"ఆ అరకేజీ ఎవుడిదే?" అన్నాడు.

అరకేజీ తలమీద మోసుకుని
మూడు వాగులు దాటిన మనిషి
నా ఎదురుగానే నిలబడి ఉంది.
ఆమె పాదాల వేళ్ల మధ్య ఎర్రమట్టి ఇంకా తడిగా ఉంది.
ఆ రోజు నుంచి అందాజు అందాజే,
చిట్టా చిట్టాయే.

భువనేశ్వర్‌లో ఇంటర్వ్యూ.
ఉన్నదొకటే విమానం, తొమ్మిది సీట్లు.
పెద్ద విమానాల ట్రైనింగ్ ఉందా అన్నారు. లేదన్నాను.
దానికయ్యే డబ్బు మా వీధి మొత్తానికి లేదని
అనలేదు గానీ, మొహం అనేసి ఉంటుంది.
ఒడియాలో మాట్లాడాను. అక్కడ అందరూ మాట్లాడేదే.
సవర నాలుగు ముక్కలొచ్చన్నాను. ఒకాయన రాసుకున్నాడు.
కెప్టెన్ మహాపాత్రో కిటికీ చూపించాడు.
"ఆ ఎక్కేవాళ్లని చూడు. మొత్తం బరువెంత?"

కోటాయన ఎనభై ఎనిమిది.
ఆయన తేలిగ్గా పట్టుకున్నట్టు నటిస్తున్న సంచి
తేలిక కాదు, ఎడమ భుజం చెబుతోంది, పద్నాలుగు.
కొత్తపెళ్లికూతురు గాజులతో కలిపి యాభై మూడు.
పిల్లాడు నిద్రపోతున్నాడు, నిద్రలో బరువెక్కువనిపిస్తాడు,
కానీ పదకొండే.
తూచారు. అందరికీ కలిపి మూడు కిలోలు తేడా.
గదిలో ఎవరో చప్పట్లు కొట్టబోయారు.
"మూడు కిలోలు తప్పాను సార్" అన్నాను,
"షీటు మీద మాత్రం కాటా లెక్కే రాయాలి."

ఏది పనిచేసిందో నాకిప్పటికీ తెలీదు.
సవర ముక్కలో, మూడు కిలోలో,
లేక ఆ వారం ఇంకెవరూ రాలేదో.
మొదటి ఆర్నెల్లూ బ్యాగులు మోశాను, అద్దాలు తుడిచాను,
మంచు విడదని తెలిసిన పొద్దుల్లో
ప్రయాణికులకి టీలు పోశాను.
ఆ తర్వాత కుడి సీటు.

ఇదంతా ధనుంజయ్‌కి చెప్పలేదు.
"మీ నాన్న ఏం చేస్తాడ్రా?" అన్నాను.
"పర్లాకిమిడి బస్టాండులో పంక్చర్లేస్తాడక్కా."
"టైరు చేత్తో కొట్టి గాలెంతుందో చెప్పగలడా?"
"మీటరు పెట్టకముందే చెప్పేస్తాడు.
పెట్టకుండా మాత్రం బండి వదలడు."
"మరి నీకొచ్చా?"

అటువైపు చాలాసేపు మాట లేదు.
దూరంగా కుక్కలు.
ఎవరో షట్టరు సగం ఎత్తిన చప్పుడు.
తర్వాత, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని
దేన్నో అరచేత్తో
ఠప్
అని కొట్టి విన్నాడు.
మళ్లీ కొట్టాడు.